తెర మీది ముస్లిం ఎవరి చేతిరాత?

సమకాలీన జీవితాన్ని దాపరికం లేకుండా చూపుతుందని బ్రిటన్ టెలివిజన్‌కు ప్రపంచమంతటా పేరుంది. ఆ పేరును మనం కాదనడం లేదు. అయితే ఆ సమకాలీన జీవితంలో ముస్లింకు ఏ చోటు దక్కుతున్నదని అడగక తప్పదు. 2021 జనగణన ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో ముస్లింలు సుమారు 39 లక్షలు, జనాభాలో 6.5 శాతం. వారిలో వైద్యులున్నారు, డ్రైవర్లున్నారు, ఉపాధ్యాయులున్నారు. తెరపై మాత్రం వారు పదేపదే అనుమానితులుగానే కనిపిస్తున్నారు.

2018లో బీబీసీ ప్రసారం చేసిన ‘బాడీగార్డ్’ నాటకాన్నే తీసుకుందాం. చివరి భాగాన్ని కోటి మందికి పైగా చూశారు. నెట్‌ఫ్లిక్స్ ద్వారా అది మన దేశంలోని ఇళ్లకూ చేరింది. తొలి భాగంలో హిజాబ్ ధరించిన నాదియా ఒంటికి బాంబు కట్టుకుని రైలులో వణుకుతూ కనిపిస్తుంది. భర్త బలవంతానికి లోనైన అబల అని జాలిపడతాం. చివరికి ఆ బాంబుల తయారీ ఇంజినీరు తానేనని ఆమె గర్వంగా చాటుతుంది. అబల అనే మూసను ఇది బద్దలు కొట్టిందని సమర్థించిన వారున్నారు. ఒక మూసలోంచి తీసి మరో మూసలో పోయడం గౌరవమా? ముస్లిం స్త్రీకి తెలివినివ్వడానికి బాంబు తప్ప మరో పని దొరకలేదా?

డాక్యుమెంటరీల తీరూ చూద్దాం. బ్రిటిష్ ముస్లింలు నిజంగా ఏమనుకుంటున్నారో చెబుతామంటూ 2016లో చానెల్ 4 ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. దాని కోసం సర్వేలో ప్రశ్నించిన 1,081 మందినీ ముస్లింలు 20 శాతానికి మించి ఉన్న ప్రాంతాల నుంచే ఎంచుకున్నారు. ఇతరుల నడుమ పలుచగా నివసించే ముస్లింలను అడగకుండానే, ముస్లింలు ఇతరులతో కలవడం లేదని చర్చ పెట్టడం ఏపాటి న్యాయం?

మనకు నవ్వుతో పేచీ లేదు. బర్మింగ్‌హామ్ స్మాల్ హీత్ ప్రాంతాన్ని ఎరిగిన గజ్ ఖాన్ ‘మ్యాన్ లైక్ మొబీన్’లో, గత జీవితపు తప్పులను వదిలించుకుంటూ చెల్లెలిని పెంచుకునే అన్నను చూపాడు. నీదా మంజూర్ రచించిన ‘వి ఆర్ లేడీ పార్ట్స్’లో పరిశోధన చేసే అమీనా, మాంసం దుకాణంలో పనిచేసే సైరా, టాక్సీ నడిపే ఆయెషా కలిసి పాటల బృందం కడతారు. వారి పంక్ సంగీతం మనలో కొందరికి రుచించకపోవచ్చు. కానీ అక్కడ వాదులాడుకునేదీ, పొరపడేదీ, ప్రార్థించేదీ సజీవులైన మనుషులు. కలం ఎవరి చేతిలో ఉన్నదన్నదే ఈ తేడాకు మూలం.

నటుడు రిజ్ అహ్మద్ 2017లో బ్రిటన్ పార్లమెంటు భవనంలో చేసిన ప్రసంగం స్ఫూర్తితో మరుసటి ఏడాది ‘రిజ్ టెస్ట్’ రూపొందింది. ముస్లిం పాత్రకు ఉగ్రవాదంతో ముడిపెట్టారా? అకారణ కోపిష్టిగా చూపారా? మూఢుడిగా, ఆధునికతకు విరోధిగా చిత్రించారా? పాశ్చాత్య జీవన విధానానికి ముప్పుగా నిలిపారా? పురుషుడైతే స్త్రీ ద్వేషిగా, స్త్రీ అయితే పురుషుల చేత అణగారినదిగా మలిచారా? ఒక్కదానికి అవునన్నా ఆ కథ తప్పినట్లే.

ఈ ప్రశ్నలను మన ఇళ్లలో సాయంత్రం మోగే టీవీ ముందు కూడా వేసుకుందాం. నాలుగో ప్రశ్నలో ‘పాశ్చాత్య జీవన విధానం’ తీసి ‘దేశం’ అని పెడితే చాలు. ఫిర్యాదులు అవసరమే; కానీ ఫిర్యాదుతో ఒక దృశ్యం తొలగవచ్చునేమో గాని ఒక పాత్ర పుట్టదు. ఇంజినీరింగ్, మెడిసిన్ తప్ప చదువే లేదనుకునే తల్లిదండ్రులారా, కథ రాస్తానని, కెమెరా పడతానని అడిగే మీ బిడ్డను ఆపకండి. మన కథ మనం రాయకపోతే, మనల్ని చూసి భయపడేవారే దాన్ని రాస్తారు.