కలివికోడి ఇల్లు ఎవరికి చెప్పాలి?



ఒక అరుదైన పిట్టను చూచి, ఫోనులో దాని బొమ్మ తీశారనుకోండి. అది ఫలానా చోట ఉన్నదని వెంటనే ఇంటర్నెట్‌లో పెట్టవచ్చునా? పెట్టవచ్చుననీ, పెట్టరాదనీ ఒక్క మాటలో తేల్చే ప్రశ్న కాదిది. మన కడప కొండలలోని ఒక పిట్ట కథ వినండి. జవాబు మీకే తోస్తుంది.

ఆ పిట్ట పేరు కలివికోడి. పేరు కోడి అయినా అది మన ఇళ్ళలో తిరిగే కోడి కాదు. మూర పొడవైనా ఉండదు; కొన నుంచి కొనకు సుమారు 27 సెంటీమీటర్లు. పెద్ద కళ్ళు, పొడవాటి కాళ్ళు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. పగలంతా ముళ్ళ పొదల నీడన కదలక మెదలక ఉండి, పొద్దు గూకిన తరువాత పురుగుల కోసం బయలుదేరుతుంది. మరీ దట్టమైన అడవి దానికి పనికిరాదు. బొత్తిగా బయలు నేలా పనికిరాదు. ముళ్ళ పొదలూ, పొదల మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేలా రెండూ ఉండాలి. అటువంటి చోటు మన సీమలో పెన్నా నది దరిదాపుల కొండల కింద ఉన్నది.

1848 నాటికే జెర్డన్ అనే వైద్యుని వలన శాస్త్రజ్ఞులకు ఈ పిట్ట సంగతి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర ఒకరు దాన్ని చూచారు. ఆ తరువాత దాని జాడ లేదు. ఇక ఈ జాతి నశించిపోయినదనే చాలమంది తలచారు.

అయినా బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు ఆశ వదులుకోలేదు. భరత్ భూషణ్ అనే పరిశోధకుడు పిట్ట బొమ్మ పట్టుకొని మన పల్లెలలో తిరిగాడు. "దీన్ని ఎక్కడైనా చూచారా?" అని వేటగాళ్ళను అడిగాడు. 1986 జనవరిలో, కడప ప్రాంతపు రెడ్డిపల్లె దగ్గర, ఐతన్న అనే వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో దాన్ని ప్రాణాలతో పట్టుకున్నాడు! 86 ఏళ్ళుగా పెద్ద పెద్ద పండితులకు దొరకనిది, అడవి తెలిసిన పల్లెమనిషికి దొరికింది. కాని పాపం, పట్టుబడిన ఆ పిట్ట కొద్ది రోజులకే చనిపోయినది.

తెలుసుకోవాలనే కోరిక మంచిదే. కాని తెలుసుకునే పద్ధతి వలన ప్రాణం పోతే? అందుచేత తరువాత వచ్చిన పరిశోధకులు పట్టుకోకుండానే పిట్టను తెలుసుకునే ఉపాయాలు వెదికారు. పొదల మధ్య మెత్తని మట్టిని పలుచగా పరిచారు. రాత్రి దాని మీదుగా పోయిన పిట్ట అడుగుల గుర్తులు తెల్లవారి చూచుకున్నారు. కలివికోడికి ముందువైపు మూడు వేళ్ళే, వెనుకవేలు లేదు. అడుగు చూచి పిట్టను పోల్చవచ్చునన్న మాట! ఎదురుగా ఏదైనా కదిలితే తానే బొమ్మ తీసుకునే కెమెరాలు పెట్టారు. సంధ్యవేళ దాని కూతను యంత్రంలో పట్టారు.

ఈ శ్రమంతా ఎందుకు పనికివచ్చిందో చూడండి. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005లో తెలుగు గంగ కాలువ త్రవ్వకం ఆ పిట్ట తిరిగే నేల మీదికి వచ్చింది. మన సీమకు నీరు ప్రాణం. కాలువ వద్దనడానికి ఎవరికి నోరు వస్తుంది? అయితే పిట్ట ఎక్కడ తిరుగుతుందో అప్పటికే పరిశోధకుల దగ్గర లెక్క ఉన్నది గనుక, వారు దానిని అధికారుల ముందు పెట్టారు. కాలువ దారిని మార్చారు. ఆ లెక్కే లేకపోతే, అక్కడ పిట్ట ఉన్నదని త్రవ్వేవారికి ఎట్లా తెలుస్తుంది?

అంటే చోటు చెప్పడం వలన మేలు కలిగింది. మరి అందరికీ చెబితే? వలవేసేవాడూ వింటాడు. వేడుక చూడవచ్చిన వంద మంది దీపాలు పట్టుకొని పొదలు తొక్కుతారు. కొందరు ఫోనులో దాని కూతను మాటిమాటికీ వినిపిస్తారు. వేరొక పిట్ట తన చోటికి వచ్చిందనుకొని అది మేత మాని, గూడు విడిచి వస్తుంది.

ఈ చిక్కును విడదీయడానికి ఇప్పుడు ఇంటర్నెట్‌లో మంచి సాధనాలు ఉన్నాయి. ఈబర్డ్ అనేది 2002లో అమెరికాలో పుట్టింది. ఎవరు ఏ పిట్టను ఎప్పుడు, ఎక్కడ చూచారో అందులో వ్రాయవచ్చు. ఐనేచురలిస్ట్ అనే దానిలో చెట్లను, పురుగులను, జంతువులను కూడా చేర్చవచ్చు. ప్రమాదంలో ఉన్న జాతి అయితే ఐనేచురలిస్ట్ అసలు చోటును అందరికీ చూపదు. 20 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, అంతే వెడల్పు ఉన్న ఒక గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పెడుతుంది. లెక్క వేయండి: 20ని 20తో హెచ్చవేస్తే 400 చదరపు కిలోమీటర్లు. లంకమల అభయారణ్యం మొత్తం విస్తీర్ణమే 464 చదరపు కిలోమీటర్లు! ఇక దొంగ ఎక్కడని వెదుకుతాడు? అసలు చోటు మాత్రం వ్రాసినవారి లెక్కలో భద్రంగా ఉంటుంది. రక్షించే పని ఉన్నవారికి వారు దానిని ఇవ్వవచ్చు.

అయితే యంత్రం చేసేది సగం పనే. తక్కిన సగం మనది. చాల ఫోన్లలో బొమ్మతోపాటు, అది తీసిన చోటు కూడా మనకు తెలియకుండానే నమోదు అవుతుంది. ఆ ఏర్పాటును ఆపకుండా స్నేహితులకు పంపితే, దాచిన గుట్టు మనమే విప్పినట్లు. బొమ్మలో వెనుక కనబడే గుడీ, గుట్టా కూడా చోటు చెప్పేస్తాయి.

కనుక అరుదైన జీవి కనబడితే మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను దగ్గరికి పోతే దానికి బెదురా? ఈ సంగతి ఎవరికి తెలిస్తే దానికి మేలు? ఎవరికి తెలిస్తే కీడు? మేలు చేసేవారికి, అనగా మీ ఉపాధ్యాయునికి, అటవీశాఖవారికి తప్పక చెప్పండి. గూడు మాత్రం ఊరంతా చాటకండి.

కలివికోడి జాడ మళ్ళీ చాల ఏళ్ళు సరిగా తెలియలేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు కొందరు మన రాష్ట్రంలోనే చీకట్లో దాని కూత విని, ఆ శబ్దాన్ని పట్టి లోకానికి వినిపించారు. వల వేయలేదు, పట్టుకోలేదు. పిట్ట తన పొదలోనే ఉన్నది. శాస్త్రానికి కావలసిన సాక్ష్యం మాత్రం చేతికి వచ్చింది.

ఈ నెల మీకొక పని. ఇంటి దగ్గర మెత్తని మట్టిని ఒక జానెడు వెడల్పున పరచి, రాత్రంతా వదిలివేయండి. ఉదయాన దాని మీద ఎవరి అడుగులు పడినవో చూచి, బొమ్మ గీయండి. వేళ్ళు ఎన్ని? వెనుకవేలు ఉన్నదా? తేదీ కూడా వ్రాయడం మరువకండి. తేదీ లేని లెక్క, తల లేని బొమ్మ వంటిది.