బానెట్ కింద మనకేం పనట!

"అక్కా, ఇది కారు కొనడం కాదు, తుక్కుకి కాపలా కాయడం" అన్నాడు మా వీధి చివర టైర్ల షాపు కుర్రాడు. ముక్కు చితికిపోయిన 2011 నాటి తెల్ల వ్యాగన్ ఆర్‌ని ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి, మా ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబెట్టిన రోజు మాట అది. ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన బండి. బానెట్ మడత పడింది, రేడియేటర్ పగిలింది, ఎడమ వైపు ఫెండరు చక్రం మీదికి ఒరిగింది. దేవుడి దయో, బెల్టు దయో గానీ నడిపిన మనిషి బతికాడు. అతను కట్టింది థర్డ్ పార్టీ బీమా మాత్రమే. సొంత బండి నష్టానికి అందులో పైసా రాదు. బాగుచెయ్యాలంటే 85,000 అవుతుందని షెడ్డు వాళ్లు చెప్పేసరికి విసుగెత్తి, 48,000కి మా సంఘానికి అమ్మేశాడు.

దెబ్బతిన్న బండిని ఎందుకు కొన్నామో ముందు చెప్పాలి. 1992, 93ల్లో సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో మేం ఊళ్లు తిరిగింది ఆర్టీసీ బస్సుల్లో, ఎడ్లబండ్ల మీద, ఎవరో దయతలచి ఇచ్చిన జీపులో. ఇప్పుడు అద్దె కారు. మనిషి మారాడు గానీ దయ మీద ఆధారపడడం మారలేదు. రెండేళ్ల కిందట ఒక రాత్రి పదకొండు గంటలకి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. భర్త కొట్టి, చంటిబిడ్డతో సహా బయటికి నెట్టి తలుపు వేసేశాడు. గాయాలైతే 108 వస్తుంది, 2005 నుంచీ ఉన్న సేవ, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ అమ్మాయికి అప్పుడు కావలసింది ఆస్పత్రి కాదు, ఆ వీధిలోంచి బయటపడడం. మేం ఎప్పుడూ పిలిచే డ్రైవరు ఇల్లెక్కడో విని, "వాళ్లు మావాళ్లే మేడం, నేను రాలేను" అన్నాడు. రెండో అతను వస్తానన్నాడు, రాలేదు సరికదా, ఆ భర్తకే ఫోన్ చేసి కబురు చేరవేశాడు. ఆటో దొరికి మేం వెళ్లేసరికి ఒంటిగంట. అప్పటికి ఆమె మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. తలుపు తీసింది అతనే. ఆ తర్వాత ఆమె మాకు ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు.

గృహహింస చట్టం గురించి మనం ఎన్ని శిక్షణా శిబిరాలు పెట్టాం! రక్షణ అధికారి ఎవరో, సఖి కేంద్రం ఎక్కడుందో గోడల మీద రాయించాం. ఇంటి గుమ్మానికీ ఆ కేంద్రానికీ మధ్య ఉన్న పాతిక కిలోమీటర్ల రోడ్డు ఎవరి చేతిలో ఉందో మాత్రం ఆలోచించలేదు. కొత్త కారుకి డబ్బు లేదు. మంచి పాతదానికీ లేదు. అందుకని ఇది.

సంఘం సమావేశంలో పెద్ద గొడవే అయింది. "మనది మహిళా సంఘమా, మెకానిక్ షెడ్డా?" అని ఒకరు సూటిగా అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పని నాలుగు నెలలు పట్టింది, దాని వల్ల రెండు గ్రామ సమావేశాలు వాయిదా పడ్డాయి కూడా. అయినా అదే మీటింగులో ఇంకొకరు "ఎవరైనా మగవాణ్ణి పక్కన పెట్టుకోండి" అన్నప్పుడు నాకు పట్టుదల పెరిగింది.

మొదటి ఆదివారం మేం ముగ్గురం. నేను, మా ఆఫీసు లెక్కలు రాసే అమ్మాయి, తాపీ పనికి కూలికెళ్లే మా సంఘ సభ్యురాలు ఒకామె. ముందు బ్యాటరీ తీగలు విప్పాం. నూనె కొలిచే పుల్ల బయటికి తీసి చూశాం. నూనె మజ్జిగలా తెల్లగా మారి ఉంటే ఇంజన్‌లోకి నీళ్లు దిగినట్టు లెక్క. అప్పుడు ఆ బండి నిజంగానే తుక్కు. నల్లగా ఉంది, బతికిపోయాం. తర్వాత ఒక పాత అయస్కాంతానికి గుడ్డ చుట్టి బండి చుట్టూ తిప్పాం. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, లప్పం దట్టంగా పూసిన చోట జారిపోతుంది. కుడివైపు వెనక తలుపు దగ్గర జారిపోయింది. అంటే అంతకుముందు ఇంకో దెబ్బ కూడా తగిలింది, అమ్మినతను చెప్పలేదు. అమెరికాలో ఇలా పనికిరాకుండా పోయి మళ్లీ రోడ్డెక్కిన బండ్ల కాగితాల మీదే ఆ సంగతి ముద్ర వేస్తారు. మన ఆర్‌సీ మీద ఆ చరిత్ర ఉండదు. అయస్కాంతమే ఆర్‌సీ అనుకోవాలి.

అసలు ప్రశ్న, బండి అస్థిపంజరం వంకర పోయిందా లేదా అన్నది. బానెట్, బంపరు, ఫెండరు బోల్టులతో బిగించేవి. విప్పి వేరేవి పెట్టుకోవచ్చు. లోపలి చట్రం వంగితే మాత్రం చక్రాలు సరిగ్గా నడవవు, మరోసారి గుద్దుకుంటే ఆ దెబ్బను ఆపవలసిన ఇనుము ఆపదు. అది ఎలా చూడాలో తెలియక నేను తల పట్టుకుంటే, ఆ తాపీ కూలీ ఆమె అంది: "పునాది తీసేటప్పుడు మేస్త్రి ఈ మూల నుంచి ఆ మూలకి తాడు లాగడా అక్కా? రెండు తాళ్లూ సమానం వస్తే గది సరిగ్గా ఉన్నట్టు. అట్టా చూద్దాం." సరిగ్గా అదే పద్ధతి! ఇంజన్ గదిలో ఎడమ స్ప్రింగు మీది బోల్టు నుంచి కుడి ముందు మూలకి, కుడి నుంచి ఎడమకి టేపు పట్టాం. 14 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. షెడ్డులో వాడే కొలత కూడా ఇదేనని నాకు తర్వాత తెలిసింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆమె పద్దెనిమిదేళ్లుగా తాపీ పనిలో ఉంది. ఇసుక, సిమెంటు పాళ్లు చేతితో తాకి చెబుతుంది. కర్ణాలు కొలవడం తెలుసు. ఈనాటికీ ఆమె హెల్పరే. ఆమె తర్వాత పనిలో చేరిన మగపిల్లలు మేస్త్రీలయ్యారు, ఆమె కూలి రేటు వాళ్లదానిలో సగం. చూసి నేర్చుకున్న విద్య మగవాడికి పనితనం అవుతుంది, ఆడదానికి "అలవాటు" అవుతుంది. స్వయం సహాయక బృందాల పేరుతో మనం వాళ్లకి నేర్పింది ఏమిటి? కుట్టు మిషను, అప్పడాలు, అగరొత్తులు, ఈమధ్య బ్యూటీషియన్ కోర్సు. ఆ ప్రాజెక్టు ప్రతిపాదనలు రాసిన చేతుల్లో నా చెయ్యీ ఒకటి. "ఇంటిపట్టున ఉండి చేసుకోదగిన పనులు" అని నేనే రాశాను. మరి ఈ కారు పని మా ఇంటి ముందు వేపచెట్టు కిందే జరిగింది కదా! మధ్యలో లోపలికి వెళ్లి పాలు పొంగకుండా చూసుకుని వచ్చాం కూడా. ఇంటిపట్టున అన్నది ఎప్పుడూ అసలు షరతు కాదన్నమాట.

మేం ఇంట్లో చెయ్యనివి కూడా చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఎవరైనా ప్రమాదంలో పడతారు. వంగిన చట్రాన్ని లాగడం, వెల్డింగ్ మా వల్ల కాదు. బండిని విజయవాడ ఆటోనగర్‌కి పంపాం. గొలుసులు కట్టి లాగే బెంచీ మీద ఒక పెద్దాయన రెండు రోజుల్లో ఆ తేడాని 2 మిల్లీమీటర్లకి తెచ్చాడు, కూలి 9,000. ఆయన పని చేస్తున్నంతసేపూ మేం పక్కనే నిలబడ్డాం, ఆయన విసుక్కోలేదు. ఈ బండికి ఎయిర్‌బ్యాగులు లేవు, ఉండి ఉంటే వాటి జోలికి పోయేవాళ్లం కాదు. వాటిలో ఉండేది పేలే మందు. ప్రమాదంలో మనిషిని పట్టి ఆపిన సీటు బెల్టు ఒకసారి సాగిందంటే మళ్లీ నమ్మకూడదు. ముందు రెండు బెల్టులూ కొత్తవి వేయించాం, దానికే 5,000. గట్టిపడే మందు కలిపి పిచికారీ చేసే రంగు ఊపిరితిత్తులకి చేటు. పిల్లలు తిరిగే వాకిట్లో అది వద్దని షెడ్డులోనే వేయించాం. అయినా లప్పం రాసి, ఉప్పుకాగితంతో నీళ్లు పోస్తూ రుద్ది నునుపు చేసింది మేమే. రంగుకి ఆయన 7,000 మాత్రమే తీసుకోవడానికి అదే కారణం.

మూడో వారం ఒక తప్పు చేశాం. మెత్తటి మట్టి మీద జాకీ పెట్టి చక్రం విప్పాం. జాకీ ఒరిగి బండి దబ్బున కింద పడింది. కింద ఎవరూ లేరు. మా ఆయన పేపరు మడిచి లేచి వచ్చి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లాడు. ఆ మర్నాడే ఇనుప స్టాండ్లు కొన్నాం. జాకీ ఎత్తడానికే, నిలపడానికి కాదన్నది ఆ దెబ్బతో నేర్చుకున్నాం. ఆ తర్వాత కింద చెక్క పలక లేకుండా దాన్ని వాడలేదు.

బెల్టు అన్నాను కాబట్టి ఇంకో సంగతి. కార్లని గుద్దించి పరీక్షించే బొమ్మలు ఉంటాయి. దశాబ్దాలుగా ఎక్కువగా వాడుతున్నది 1970ల్లో తయారైన మగ శరీరపు బొమ్మ, 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోలు. ఆడ బొమ్మ అని తర్వాత వాడినది ఆ మగ బొమ్మనే కుదించినది. అమెరికాలో 2011లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఒకేలాంటి ప్రమాదంలో బెల్టు పెట్టుకున్న మహిళా డ్రైవరుకి తీవ్ర గాయాలయ్యే అవకాశం మగ డ్రైవరు కంటే 47 శాతం ఎక్కువ. సగటు ఆడమనిషి కొలతలతో బొమ్మని తయారుచెయ్యడానికి 2022 దాకా పట్టింది, స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం చేసింది. కారు తయారీలో మనం లేం, పరీక్షలో లేం, మరమ్మతులో లేం. పక్క సీట్లో మాత్రం ఉన్నాం.

ఇక కాగితాలు. రవాణా కార్యాలయం బయట ఏజెంటు మా ఇద్దరి వెనకా చూసి "సార్ రాలేదా?" అన్నాడు. ఏ సార్? అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో యజమాని మార్పు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతుంది. ఫారం 29, ఫారం 30 నింపాలి. ఇది వట్టి గుమాస్తా పని అనుకోకండి. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే నష్టపరిహారం బాధ్యత వాళ్లదే. మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. అప్పుకో, పన్నుకో, వాస్తుకో కారు భార్య పేరు మీద కొంటారు. తాళం ఆమె చేతికి రాదు. అతను అమ్మేస్తాడు, పేరు మార్చడు. ఎక్కడో ఎవరినో ఆ బండి గుద్దితే, బీమా కూడా లేకపోతే, ట్రిబ్యునల్ నోటీసు ఆమె పేర వస్తుంది. మా సభ్యుల్లో ఒకరికి ఇలాగే వచ్చింది. జీవితంలో ఆమె పేరు మీద ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఆ అమ్మేసిన కారు! ఆస్తి హక్కు గురించి మాట్లాడేటప్పుడు ఇలాంటి కాగితపు ఆస్తుల గురించీ మనం అడగాలి: నీ పేర బండి ఉందా, అది ఇప్పుడు ఎక్కడుంది?

లెక్కలు రాసే అమ్మాయి చివర్లో ఖర్చు పట్టిక తెచ్చింది. పాత విడిభాగాలూ, కొత్త రేడియేటరూ కలిపి 13,200. లాగుడు, బెల్టులు, రంగు చేరిస్తే 34,200. ఏసీ జోలికి వెళ్లలేదు, దాని కండెన్సర్ ఇంకా చితికే ఉంది. "శ్రమ" అన్న గడిలో ఆమె సున్నా వేసింది. నాకు కోపం వచ్చింది. పదకొండు ఆదివారాలు, ముగ్గురం, తక్కువలో తక్కువ రెండు వందల గంటలు. గంటకి వంద వేసుకున్నా 20,000. అప్పటికీ షెడ్డు వాళ్లు చెప్పినదానికన్నా ముప్ఫై వేలు తక్కువే, మరి సున్నా ఎందుకు వెయ్యాలి? "మన పనే కదక్కా" అంది. ఇదే మాట మనం కోర్టుల్లో కూడా విన్నాం. ప్రమాదంలో గృహిణి చనిపోతే ఆమె "సంపాదన" ఎంత అన్న తగువు. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు నెలకి 3,000 అని కట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో, మన కృష్ణా జిల్లాలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో, ఇంటి పనికి విలువ కట్టడం ఆ శ్రమని గుర్తించడమేనని అన్నారు. 2019 కాల వినియోగ సర్వేని ఉటంకించారు: జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97. మంచి తీర్పే. కానీ మన శ్రమకి విలువ కట్టడానికి మనం రోడ్డు మీద చచ్చిపోవలసి రావడం నాకు మింగుడు పడదు. పట్టికలో సున్నా కొట్టించి 20,000 రాయించాను. కోశాధికారి ఇంకా సంతకం పెట్టలేదు.

బండి ఏప్రిల్ చివర రోడ్డెక్కింది. ఎడమ తలుపు ఇప్పటికీ ఎత్తి వెయ్యాలి, లేకపోతే పడదు. ముగ్గురిలో ఇద్దరికి లైసెన్సు వచ్చింది. తాపీ పనామె మొదటిసారి పరీక్షలో తప్పింది, మళ్లీ కట్టింది. ఇప్పటికి నాలుగుసార్లు రాత్రిపూట వెళ్లాం. మూడుసార్లు మనుషుల్ని తెచ్చుకున్నాం. ఒకసారి, వీధి మలుపులో లైటు ఆర్పి గంటసేపు కూర్చుని, ఎవరూ రాక తిరిగొచ్చాం.

వచ్చే ఆదివారం బ్రేకు ప్యాడ్లు మారుస్తున్నాం. చూడాలనుకునేవాళ్లు ఉదయం ఏడుకల్లా రండి, ఎండెక్కితే చెట్టు నీడ అటువైపు పోతుంది. పాత చీర కట్టుకుని రండి, ఆ మసి వదలదు.