రాత్రివేళా ఆ మందు అందాలి

ప్రకాశం జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి,

మూత్రంలో మంటతో అత్యవసర విభాగానికి వచ్చిన కుర్రాడికి వేడి చేసిందని సర్దిచెప్పి పంపొద్దని వైద్యులకు చెప్పండి. అది క్లమీడియా అనే సుఖవ్యాధి కావచ్చు. పాతికేళ్లలోపు వయసు, కొత్త సంబంధం, కండోమ్ లేకపోవడం, గనేరియా ఉండటం ముప్పును పెంచుతాయి. మర్యాదగా, చాటుగా అడిగితే ఈ వివరాలు రోగులే చెబుతారు.

ఇది సోకిన చాలామంది మగవాళ్లకు లక్షణాలే కనిపించవు. వాళ్ల నుంచి సోకి గర్భనాళాలు దెబ్బతింటే, పిల్లల్లేరని మాటపడేది భార్య. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే.

సుఖవ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌ల బూడిదరంగు కిట్‌లో అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉచితం. కానీ కొత్తపట్నంలో తెల్లారకముందే వేటకెళ్లే మత్స్యకారుడు పగటి ఓపీకి ఎలా వస్తాడు? ఆ కిట్లు అత్యవసర విభాగాల్లోనూ ఉంచండి. భార్యకూ అప్పుడే చికిత్స మొదలయ్యేలా ఆదేశించండి.

ఇట్లు,
కొత్తపట్నం వాసి