మూలకణాలు సరే... ఏ రసంలో పెంచారు?

"జంతువుల సీరం లేకుండా మూలకణాలు పెంచడమా? అదంతా డబ్బున్న దేశాల చాదస్తం. మనకెందుకు బాబూ!" మన ఐటీ జనాల నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. ఇంకో వర్గం ఉంది, వాళ్ళకిది ఉత్త ఆవు గొడవ. నన్నడిగితే ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. సీరం మానెయ్యడం ఖర్చు పెంచే ఆదర్శం కాదు. పేదోడి దాకా వైద్యం రావాలంటే అదీ ఒక దారే. రుజువు అమెరికాలో లేదు, మన బంజారాహిల్స్‌లోనే ఉంది.

ముందు ఆ సీరం సంగతి. చూడి ఆవును కోసినప్పుడు, కడుపులోని దూడ పిండం గుండెకు సూది గుచ్చి రక్తం లాగుతారు. అది గడ్డకట్టాక మిగిలే రసమే ఫీటల్ బొవైన్ సీరం. 1950ల చివరి నుంచి చాలా ల్యాబులు దాని మీదే నడిచాయి. అందులో ఏమేం ఉన్నాయో పూర్తి జాబితా ఎవరి దగ్గరా లేదు. ఒక్కో లాట్ ఒక్కో రకం. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేని, చెప్పాపెట్టకుండా మారిపోయే లైబ్రరీ. దాన్ని ప్రొడక్షన్‌లో పెడతానంటే మీ టీం లీడ్ ఊరుకుంటాడా? మరి మనిషి ఒంట్లో పెట్టడానికి ఎందుకు ఊరుకోవాలి?

ఇది ఉత్తుత్తి భయం కాదు. వైరస్‌ల గొడవ, మ్యాడ్ కౌ గొడవ అందరికీ తెలిసినవే. 2005లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఇంకోటి చూపించారు. జంతు పదార్థాల్లో పెరిగిన మనిషి మూలకణాలు, మనిషి శరీరం తయారుచేసుకోని ఒక రకం జంతు చక్కెరను ఒంటికి పూసుకుంటున్నాయి. దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు మన రక్తంలో ముందే ఉంటాయి!

దీనికీ మా సీమకీ ఏం సంబంధం అంటారా? కర్నూలు, కడప అంటేనే సున్నపురాయి, నాపరాయి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక అవ్వ వక్కాకు సంచిలో సున్నం ఉండనే ఉంటుంది. పిల్లోడు ఆ ప్యాకెట్ నొక్కితే చిమ్మేది కంట్లోకే. సున్నం లోతుగా కాలుస్తుంది. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉండే మూలకణాలు చచ్చిపోతే కార్నియా మసకబారి, రక్తనాళాలు పాకుతాయి. ఆ స్థితిలో మామూలు కార్నియా మార్పిడి కూడా నిలవడం కష్టం.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 2001 నుంచి ఇలాంటి కళ్ళకి వైద్యం చేస్తున్నారు. బాగున్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ఉమ్మనీటి సంచి పొర మీద 10 నుంచి 14 రోజులు పెంచారు. దూడ సీరం లేదు, ఎలుక కణాలూ లేవు. సీరం ఆ రోగి సొంత రక్తంలోంచే తీశారు. 200 కళ్ళ ఫలితాలు 2011లో ప్రచురించారు. 71 శాతం విజయం.

యూరప్‌లో 2015లో అనుమతి వచ్చిన హోలోక్లార్ కూడా ఇదే జబ్బుకి. దాని తయారీలో దూడ సీరం, ఎలుక కణాలు రెండూ ఉన్నాయి. అవి పడనివాళ్ళకి వాడొద్దని మందు కాగితంలోనే ఉంటుంది. 2017లో బ్రిటన్ లెక్కల్లో ధర కంటికి 80,000 పౌండ్లు. ఆ ధరంతా సీరం వల్లే అనను, ఫ్యాక్టరీ ఉంది, కంపెనీ ఉంది. కానీ జంతు పదార్థం వాడినన్నాళ్ళూ దాని పరీక్షలు, రికార్డుల ఖర్చు తప్పదు కదా.

మనవాళ్ళు అక్కడా ఆగలేదు. 2012లో ల్యాబునే తీసేశారు. అంచు ముక్కని చిన్నచిన్న తునకలు చేసి, పొర మీద నేరుగా కంట్లోనే అంటించే స్లెట్ పద్ధతి. కణాలు కంట్లోనే పెరుగుతాయి. 2016లో ప్రచురించిన 125 కేసుల్లో 76 శాతం విజయం. అక్కర్లేని డిపెండెన్సీలు ఒక్కొక్కటే పీకేస్తే చివరికి మిగిలేది ఇదే.

ఒప్పుకుంటాను, ప్రతి జబ్బుకీ సొంత రక్తం సీరం సరిపోదు. రెండు కళ్ళూ పోయినవాళ్ళకి ఈ దారి లేదు. వేలమందికి ఒకే బ్యాచ్ కణాలు కావాలంటే రసం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. దానికీ 2011లోనే జవాబు వచ్చింది: ఈ8 అనే మాధ్యమం, ఎనిమిదే దినుసులు, ప్రతిదీ పేరుతో సహా తెలుసు. ఇంకా దూడ సీరమే పట్టుకు వేలాడే చాలా చోట్ల అసలు కారణం పాత కోడ్ ముట్టుకోవాలంటే ఉండే భయం, అంతే.

కాబట్టి ఎవరైనా "స్టెమ్ సెల్ ట్రీట్‌మెంట్" అని లక్షలు అడిగితే, ముందు ఏ రసంలో పెంచారో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకపోతే లేచి వచ్చెయ్యండి. ఇక ప్రభుత్వానికి ఒక మాట. స్లెట్‌కి కణాలు పెంచే ల్యాబ్ అక్కర్లేదు. కావాల్సింది చెయ్యి తిరిగిన సర్జన్, ఆ పొర, కాస్త జిగురు. కర్నూలు, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఇది మామూలు సర్జరీ అయిపోవాలి. సున్నం పడిన పిల్లోణ్ణి ఎత్తుకుని ఆ తల్లి హైదరాబాద్ బస్సు ఎందుకెక్కాలి?

నేను కోడ్ రాసుకునేవాణ్ణి, డాక్టర్ని కాదు. కానీ ఇందులో చాదస్తం ఎవరిదో తెలుసుకోడానికి డాక్టరే కానక్కర్లేదు. మీరేమంటారు?