పూడికకు తూకం ఒక్కటే చాలదు

వానాకాలం దగ్గరపడగానే హైదరాబాద్ నాలాల పూడికతీత లెక్కలు పత్రికల్లో వస్తాయి: ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని టన్నులు, ఇన్ని కోట్లు. తీసిన మట్టిలో ఏముందో, అది ఎక్కడికి పోయిందో మాత్రం ఆ లెక్కల్లో కనబడదు. అది మామూలు మట్టే అయితే అడగాల్సిన పనీ లేదు. కానీ నాలాల్లోకి వచ్చేది రోడ్లు కడిగిన వాన నీరు. టైర్లు అరిగి రాలిన జింకు, బ్రేకుల నుంచి రాలే రాగి, ఇంజన్ల మసి అన్నీ అందులోనే వస్తాయి. హుస్సేన్ సాగర్‌లో కలిసే కూకట్‌పల్లి నాలా అయితే ఏళ్ల తరబడి బాలానగర్, జీడిమెట్ల పరిశ్రమల మురుగును కూడా మోసింది. ఈ లోహాలు నీళ్లలో తేలుతూ ఉండిపోవు, చాలావరకు సన్నని బురద రేణువులను పట్టుకుని అడుక్కి చేరతాయి. కాబట్టి పైనీటిని పరీక్షించి ఫరవాలేదనుకుంటే అడుగు సంగతి తేలదు.

అసలు ముప్పు పూడికను బయటికి తీశాకే పెరుగుతుంది. గాలి ఆడని అడుగున లోహాలు ఎక్కువగా సల్ఫైడ్లుగా బిగిసి, కదలకుండా ఉంటాయి. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే ఆ నల్ల బురదను గట్టున కుప్ప పోస్తే, కొన్నాళ్లకు పైపొర తుప్పు రంగుకు తిరుగుతుంది. గాలి తగిలి సల్ఫైడ్లు విడిపోతున్నాయనడానికి అదే గుర్తు. అలా వదులైన జింకు, కాడ్మియం వాన పడితే తిరిగి నాలాలోకి దిగుతాయి, లేదా పోసిన చోటే నేలలోకి ఇంకుతాయి. ఎండినది బండ్ల చక్రాల కింద దుమ్మై లేస్తుంది.

చెరువు మట్టి పొలానికి బలమే కదా, చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ పథకంలో రైతులు తోలుకోలేదా అని కొందరంటారు. వాళ్లు తోలుకున్నది చేలు, బీళ్ల మీదుగా పారిన నీరు దించిన ఒండ్రు. దాని మంచిపేరు నగరపు నాలా బురదకు అంటగట్టి, ఇళ్ల స్థలాల మెరకకో ఆకుకూరల మడికో పోస్తే ఎలా? ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది: లోహం ఉన్నంత మాత్రాన హాని అనలేం, రాతిలోనూ మట్టిలోనూ సహజంగానే కొంత ఉంటుంది. నిజమే. అందుకే మొత్తం ఎంత ఉందన్నదానితో ఆగకుండా, అందులో ఎంత నీటిలోకి ఊడి వస్తుందో కూడా చూడాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఇలాంటి పరీక్ష ఉంది. సీసానికైతే ఊడివచ్చిన ద్రావణంలో లీటరుకు 5 మిల్లీగ్రాముల హద్దు పెట్టారు. ఆ హద్దు దాటని మట్టంతా మంచిదేనని కూడా అనుకోనక్కర్లేదు. బురదలో బతికే పురుగులను అందులో పెంచి చూస్తే, విడివిడి అంకెలకు అందని మిశ్రమ ప్రభావం తెలుస్తుంది.

మే నెలలో టిప్పర్లు ఆపి ల్యాబ్ రిపోర్టు కోసం ఎవరు కూర్చుంటారని అధికారులు అడగవచ్చు. కూర్చోనక్కర్లేదు. పారిశ్రామికవాడల కింద, రద్దీ కూడళ్ల దిగువన, కాలనీల మధ్య చలికాలంలోనే నమూనాలు తీస్తే, ఏ నాలా మట్టి మెరకకు పనికొస్తుందో, ఏది విడిగా పోవాలో టెండరు నాటికే తేలుతుంది. ప్రమాదకరమని తేలినదానికి దుండిగల్‌లో కేంద్రం ఎలాగూ ఉంది. ఖర్చు పెరుగుతుందంటారా, ప్రతి లోడుకూ పరీక్ష అడగడం లేదు, నాలాకు కొన్ని నమూనాలు చాలు. కాంట్రాక్టరు బిల్లుకు తూకం చీటీతోపాటు ఆ నాలా ల్యాబ్ రిపోర్టు, మట్టి దించిన చోటి రసీదు జతచేస్తేనే చెల్లింపు అనే షరతును నగరపాలక సంస్థ వచ్చే టెండర్లలోనే పెట్టాలి.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్