ఆడకముందే అవుట్

2024 ఆగస్టులో పారిస్‌లో బ్రేకింగ్ తొలిసారి ఒలింపిక్ పతకాల పోటీగా జరిగింది. (చిరంజీవి సినిమాలు చూసి పెరిగిన మనకు అది బ్రేక్ డాన్సే.) లోకానికి గుర్తుండిపోయింది మాత్రం స్వర్ణం గెలిచిన జపాన్ అమ్మాయి ఆమి కాదు. కంగారూలా గెంతి, మూడు పోటీల్లోనూ సున్నాతో వెనుదిరిగిన ఆస్ట్రేలియా డాన్సర్ రేచల్ గన్. ఆమె పుణ్యమాని ఒలింపిక్స్ నుంచి బ్రేకింగ్ ఎగిరిపోయిందని చాలామంది నమ్ముతారు.

నిజానికి 2028 లాస్ ఏంజెలిస్ నిర్వాహకులు ప్రతిపాదించిన అదనపు క్రీడల్లో బ్రేకింగ్ పేరే లేదు. ఆ జాబితాకు ఆమోదముద్ర పడింది ఎక్కడో కాదు, 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలో. క్రికెట్‌కు చోటు దక్కిందని మనం సంబరపడింది ఆ రోజే. అప్పటికి పారిస్ పోటీలు ఇంకా పది నెలల దూరంలో ఉన్నాయి.

ఆ సున్నా సంగతీ చెప్పుకోవాలి. ఇక్కడ జిమ్నాస్టిక్స్‌లోలా ఒక్కో విన్యాసానికి ఇంతని మార్కులు వేయరు. డీజే ఏ పాట వేస్తాడో డాన్సర్లకు ముందు తెలియదు. తొమ్మిదిమంది జడ్జీలు నైపుణ్యం, విన్యాసాల వైవిధ్యం, తడబాటు లేకుండా చేయడం, సంగీతంతో పొందిక, సొంతదనం అనే అయిదు అంశాల్లో ఇద్దరినీ పోల్చి, ప్రతి రౌండ్‌లో ఒకరికి ఓటేస్తారు. రెండు రౌండ్లకు కలిపి 18 ఓట్లు. అన్నీ ఎదుటివారికే పడ్డాయంటే వాళ్లు మెరుగని అర్థం, అంతే. గన్‌ను ఓడించినవాళ్లలో చివరికి రజతం గెలిచిన లిథువేనియా అమ్మాయి నికా కూడా ఉంది.

ఈ నవ్వుల మధ్య మరుగునపడిన పేరు మనీజా తలాష్. తాలిబన్ల పాలనలోకి వెళ్లిన ఆఫ్ఘనిస్థాన్‌ను విడిచి స్పెయిన్ చేరి, శరణార్థుల జట్టు తరఫున ఆడిన అమ్మాయి. ప్రాథమిక పోటీలో ఆమె ఆఫ్ఘన్ మహిళలకు స్వేచ్ఛ కావాలని రాసిన నీలిరంగు వస్త్రాన్ని విప్పి చూపింది. ఆ పోటీలో ఎలాగూ నెదర్లాండ్స్ డాన్సర్‌దే పైచేయి. అయినా రాజకీయ నినాదమంటూ అనర్హత వేటు వేశారు. నిబంధన నిబంధనే, కాదనలేం. కాకపోతే న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1970లలో పేద నల్లజాతి, ప్యూర్టోరికో కుర్రాళ్ల మధ్య పెరిగిన కళ ఇది. కుర్రకారును ఆకట్టుకోవడానికి దాన్ని పిలిచినవాళ్లకు దాని గొంతు మాత్రం అక్కర్లేకపోయింది.

2026 డాకర్ యువజన ఒలింపిక్స్ పోటీల జాబితాలో బ్రేకింగ్‌కు మళ్లీ చోటిచ్చారు.