నీటి ఛార్జీ ఎవరి అప్పు తీర్చడానికి?

ఇంగ్లండ్, వేల్స్‌లలో నీటి బిల్లులు అయిదేళ్లలో సగటున 36 శాతం పెరగడానికి కారణాన్ని మన చానళ్లు ఒక్క ముక్కలో తేల్చేశాయి: కంపెనీలు అప్పులు చేసి డివిడెండ్లు పంచుకున్నాయి, ఆ అప్పులు తీర్చే భారం జనం నెత్తిన పడింది. మొదటి సగం నిజమే, లండన్‌కు నీరందించే థేమ్స్ వాటర్ చరిత్రే అందుకు సాక్ష్యం. రెండో సగం మాత్రం తప్పు. అది చిన్న తప్పు కాదు, ఎందుకంటే రోగం ఎక్కడుందో తప్పుగా చెబితే మందు కూడా తప్పుగానే పడుతుంది. అంకెల్లోనూ గందరగోళమే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన బిల్లుల్లో పెంపు సగటున 26 శాతం. అది ద్రవ్యోల్బణం కలిపి ఒక్క ఏడాది లెక్క. 36 శాతం ద్రవ్యోల్బణం కలపక ముందు అయిదేళ్ల లెక్క. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్ 2024 డిసెంబర్ 19న ప్రకటించింది బిల్లును కాదు, ఒక్కో కంపెనీ ఏటా వసూలు చేసుకోదగిన గరిష్ఠ ఆదాయాన్ని. పన్ను లాంటి చిన్న పద్దులు పక్కన పెడితే అందులో ఉండేవి మూడు: ఆ ఏటి ఖర్చు, పాత పెట్టుబడిలో ఆ ఏడు రాబట్టుకోదగిన వంతు, మిగిలిన పెట్టుబడిపై ప్రతిఫలం. ప్రతిఫలం రేటు ఈసారి ద్రవ్యోల్బణం పోను 4.03 శాతం. పెట్టుబడిలో 55 పాళ్లు అప్పు, 45 పాళ్లు వాటాదారుల సొమ్ము అనుకుని, అప్పుపై 3.15 శాతం, వాటాలపై 5.10 శాతం చొప్పున కట్టిన లెక్క ఇది. ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. థేమ్స్ అసలు అప్పు 80 శాతం దాటిందన్న సంగతి ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఆ కంపెనీ అధిక వడ్డీకి తెచ్చుకున్న అప్పు కూడా ఇందులోకి రాదు. ఆఫ్‌వాట్ తూచేది సక్రమంగా నడిచే ఒక నమూనా కంపెనీని. ఆ నమూనాకూ అసలు కంపెనీకీ మధ్య తేడాను వాటాదారులు, అప్పులిచ్చినవారు భరించాలి.

మరి బిల్లు ఎందుకు పెరిగింది? అయిదేళ్లకు అనుమతించిన 10,400 కోట్ల పౌండ్ల ఖర్చులో 4,400 కోట్లు కొత్త పనులకే. వాన పడినప్పుడు మురుగు నదుల్లోకి పొంగకుండా చేయడం, కొత్త జలాశయాలు కట్టడం వీటిలో ఉన్నాయి. దానికి తోడు ప్రపంచమంతటా వడ్డీలు పెరిగాయి. 2019 సమీక్షలో 2.96 శాతంగా ఉన్న ప్రతిఫలం 4 దాటింది అందుకే.

ఏ పెట్టుబడిపై ఈ ప్రతిఫలం అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఈ వ్యవస్థ గుట్టంతా అందులోనే ఉంది. 1989లో పది ప్రాంతీయ నీటి సంస్థలను అమ్మినప్పుడు ప్రభుత్వానికి దక్కింది 760 కోట్ల పౌండ్లు. అమ్మే ముందు దాదాపు 500 కోట్ల అప్పు మాఫీ చేసింది. ఆ పైపులు, శుద్ధి కేంద్రాలు, విక్టోరియా కాలపు మురుగు సొరంగాలు మళ్లీ కట్టాలంటే అయ్యే ఖర్చులో అది ఏ మూలకూ రాదు. ఆఫ్‌వాట్ తొలి డైరెక్టర్ జనరల్ ఇయన్ బయట్ ముందు అప్పుడు రెండు దారులున్నాయి. ఆస్తులకు పునర్నిర్మాణ విలువ కట్టి దానిపై ప్రతిఫలం ఇస్తే బిల్లులు ఆకాశాన్నంటేవి, చవగ్గా కొన్నవాళ్లకు రెండోసారి లాభం పండేది. ఆయన ఆ దారి పట్టలేదు. వాటాలు మార్కెట్‌లోకి వచ్చాక మొదటి 200 రోజుల సగటు ధరను ఆధారం చేసుకుని, దానికి అప్పు కలిపి, పాత ఆస్తుల విలువ అంతే అన్నారు. ఆ తర్వాత అనుమతించిన పెట్టుబడి దానికి కలుస్తూ, రాబట్టుకున్న వంతు తగ్గుతూ వచ్చింది. మార్కెట్ కట్టిన ధరపైనే ప్రతిఫలం, తాతల కాలం నుంచి జనం డబ్బుతో కట్టినదానిపై కాదు. వినియోగదారుడికి ఆ అమ్మకంలో దక్కిన అతి పెద్ద రక్షణ ఇదేనని నేను బలంగా నమ్ముతాను.

చట్టం మాత్రం అంత స్పష్టంగా వినియోగదారుడి పక్షాన మొదలు కాలేదు. 1991 నాటి నీటి పరిశ్రమ చట్టం రెండో సెక్షన్‌లో ముఖ్య బాధ్యతలు రెండే: పనులు సక్రమంగా జరిగేలా చూడటం, ఆ పనులకు కంపెనీలు డబ్బు సమకూర్చుకోగలిగేలా చూడటం. వినియోగదారుల ప్రయోజనం ఆ రెండింటి కిందే ఉండేది. దాన్ని వాటి సరసన నిలబెట్టింది 2003 సవరణ.

వివాదమంతా ఆ రెండో బాధ్యత చుట్టూ తిరుగుతోంది. పెట్టుబడికి సహేతుకమైన ప్రతిఫలం అందేలా చూడటం కూడా అందులోనే ఉంది. పెట్టుబడిదారుల తరఫువారు దీన్ని ఏ కంపెనీ కూలకుండా కాపాడాలన్న ఆదేశంగా చదువుతారు. నేను అలా చదవను. ఆ నిబంధన రక్షించేది నీరు అందించే పనిని, కంపెనీని కాదు. ఇందుకు రుజువు అదే చట్టం 24వ సెక్షన్. కంపెనీ దివాలా తీసినా, తన బాధ్యతను తీవ్రంగా ఉల్లంఘించినా కోర్టు ప్రత్యేక నిర్వాహకుణ్ని నియమించవచ్చు. కొళాయిలు ఆగవు, నష్టం వాటాదారులకూ అప్పులవాళ్లకూ పోతుంది. కంపెనీలు కూలకూడదన్నదే చట్టం ఉద్దేశమైతే, కూలినప్పుడు ఏం చేయాలో ఇంత వివరంగా రాసేది కాదు. మూడు దశాబ్దాల్లో ఏ నీటి కంపెనీపైనా దీన్ని వాడలేదు. విద్యుత్, గ్యాస్ సరఫరాదారు బల్బ్‌పై 2021లో ఇలాంటిదే వాడారు, ఎవరింట్లోనూ దీపం ఆరలేదు.

మనకు ఇందులో పాఠం లేకపోలేదు. హైదరాబాద్ జలమండలి చట్టం వచ్చిందీ 1989లోనే. ఇక్కడ ఛార్జీల పెంపునకు ప్రభుత్వ ఆమోదం కావాలి, నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీరు కూడా రాజకీయ నిర్ణయమే. ధర నిర్ణయానికి ఆధారమేమిటో ప్రతి అయిదేళ్లకూ బహిరంగంగా రాసి, తర్కించి, సవాలు చేసే వీలు ఇక్కడ లేదు. ఆఫ్‌వాట్‌ను ఎంత తిట్టినా, ఆ పత్రాలు అందరి ముందూ ఉన్నాయి.

ఆ ఆఫ్‌వాట్ ఇప్పుడు పోబోతోంది. 2025 జులైలో సర్ జాన్ కన్‌లిఫ్ కమిషన్ 88 సిఫార్సులు చేసింది, ఇంగ్లండ్‌లో నీటి నియంత్రణ బాధ్యతలను ఒకే సంస్థ కిందికి తెమ్మంది, ప్రభుత్వం ఒప్పుకుంది. ఒక్కో కంపెనీని దగ్గరుండి పర్యవేక్షించాలన్నది మంచి మాట. చిక్కుల్లో పడ్డ కంపెనీలకు కోలుకునే వ్యవధి ఇవ్వాలన్న మాట దగ్గరే నాకు భయం. థేమ్స్ రుణదాతలు జరిమానాల్లో సడలింపు అడిగింది ఇందుకే. అదే ఏడాది మే నెలలో ఆ కంపెనీపై పడ్డ 12.27 కోట్ల పౌండ్ల జరిమానాలో 1.82 కోట్లు పంచకూడని డివిడెండ్లు పంచినందుకు. అలాంటి కంపెనీకి ఇచ్చే ప్రతి సడలింపూ దాని అసలు అప్పును దొడ్డిదారిన బిల్లులోకి తెస్తుంది. ఇన్నేళ్లూ నమూనా కంపెనీ లెక్క అడ్డుకున్నది దాన్నే. కొత్త చట్టం రాసేవారు ఈ లెక్కను నియంత్రణ సంస్థ విచక్షణకు వదిలేయకుండా చట్టంలోనే నిలపాలి. 24వ సెక్షన్ కింద ఎప్పుడు దరఖాస్తు చేయాలో గడువు పెట్టాలి. అది లేకపోతే మన చానళ్లు ఈరోజు తప్పుగా చెప్పిన కథ 2029 సమీక్షలో నిజమవుతుంది.